ఈశాన్యానికి వాలిన నేల

టూంగాబీ, సిడ్నీ
ఫిబ్రవరి 9

ప్రియమైన శ్యామా,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. ఇంటి సంగతులు ఫోన్‌లో మొదలుపెడితే మనం కాసేపటికే చింతకాయ పచ్చడి దగ్గరికి వెళ్లిపోతాం. కిటికీ ఎక్కడ పెట్టాలో చివరికి తేలదు. ఇల్లు పూర్తయ్యేదాకా ఇంటి మాటలు మెయిల్లోనే రాసుకుందాం. నేను ఏం అడిగానో, నువ్వు ఏం చెప్పావో ఇద్దరి దగ్గరా ఉంటుంది.

కెల్లీవిల్ స్థలం సర్వే కాగితం దీనితో పంపుతున్నాను. కొన్నప్పుడు గడ్డి మోకాలెత్తు ఉంది. ఎటు వాలిందో కంటికి తెలియలేదు. ఇప్పుడు సర్వేయర్ ప్రతి మూలా కొలిచి అంకెలు వేశాడు. నాకు ఆ అంకెలు చదవడం రాదు, నీకు వచ్చు. ఆడపడుచు లాన్సెస్టన్‌లో కూర్చుని ఇళ్లు గీస్తుంటే మేం ఇంకొకరికి డబ్బిచ్చి గీయించుకోవడమేమిటని మీ అన్నయ్య అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు.

నాకు కావలసినవి రెండే. ఒకటి, ఎక్కడా మెట్టు ఉండకూడదు. వీధిలోంచి గరాజ్‌లోకి, గరాజ్‌లోంచి వంటింట్లోకి, పడగ్గదిలోకి, వెనక బట్టలు ఆరేసే చోటికి, అంతా ఒకే మట్టం. రెండు, తూర్పు గుమ్మానికి గడప ఉండాలి. ఇక్కడి ఇళ్లకి గడపలుండవు. శుక్రవారం పసుపు దేనికి రాస్తాం? ఇల్లు కట్టే కనకరాజుగారు భీమవరం మనిషే. టేకు గడప తెప్పిస్తానన్నారు.

మన అనన్యకి యూనివర్సిటీ తెరిచే రోజులొచ్చాయి. అత్తకి హాయ్ చెప్పమంది.

నీ వదిన
శేషుకుమారి


లాన్సెస్టన్, టాస్మేనియా
ఫిబ్రవరి 16

వదినా,

మెయిల్ చూసి నవ్విన మాట నిజమే. తర్వాత ఫోల్డర్ ఒకటి తెరిచి నీ ఉత్తరం అందులో పెట్టాను. నీ గాలి తగిలింది.

మొదటి బొమ్మ మొదలుపెట్టాను. నా బాధ ఒకటి చెప్పుకోవాలి, మా ఆయన వంశీధర్‌కి చెప్తే ఆవలిస్తున్నాడు. మేం వాడే సాఫ్ట్‌వేర్‌కి గోడలు తెలుసు, కప్పు తెలుసు, కుళాయి కూడా తెలుసు. నేల మాత్రం సరిగ్గా తెలియదు. ఇల్లు గాల్లో కడతారనుకున్నారేమో చేసినవాళ్లు. నేల కోసం ఇంకో కంపెనీ అమ్మే యాడ్-ఇన్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ కొని దీనికి తగిలించుకోవాలి. మిక్సీ ఒకళ్లది, జార్ ఇంకొకళ్లది అన్నమాట. మూత పట్టదు. పట్టినా ఆన్ చేస్తే పచ్చడి గోడల మీద ఉంటుంది.

సర్వే అంకెలు అందులో పోస్తే అది ఎత్తుపల్లాలతో నేలను తయారు చేయాలి. మొదటిసారి పోశాను, మీ స్థలం మధ్యలో గోపురమంత ముల్లు లేచింది. ఒక అంకెలో దశాంశ చుక్కను అది చదవలేదట. సరిచేసి మళ్లీ పోశాను, ప్రోగ్రామే మూసుకుపోయింది. మూడోసారికి నేల వచ్చింది.

వచ్చిన నేల ఆగ్నేయానికి వాలింది వదినా. వీధి వైపు గరాజ్ మూల పల్లం. నీ వాస్తుకి ఇది నచ్చదని తెలుసు. కానీ గరాజ్ కిందికి ఉంటే కారు తేలిగ్గా ఎక్కుతుంది, నీ ఒకే మట్టం కూడా కుదురుతుంది. వెనక వాయవ్యం వైపు తవ్వాలి, అంతే.

ఇంతకీ మెట్ల మీద అంత పగ దేనికి? రెండు మెట్లుంటే ఇంటికి అందం కదా. అన్నయ్యా నువ్వూ ఇంకా ముసలివాళ్లు కాలేదు.

నీ శ్యామ


టూంగాబీ
ఫిబ్రవరి 20
పంపకుండా డ్రాఫ్ట్‌లో ఉంచినది

శ్యామా,

మెట్ల మీద పగ దేనికని అడిగావు. చెప్తాను.

మీ అన్నయ్యకి కాళ్ల నరాల జబ్బు. కిందటి దీపావళి ముందు చెప్పులు కాలి నుంచి జారిపోతుంటే తెలియడం లేదన్నారు. తర్వాత బస్సు దిగబోతూ పడ్డారు. వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో స్పెషలిస్టు పరీక్షలన్నీ చేసింది. నెమ్మదిగా ముదురుతుందట. ఎన్నేళ్లు నడుస్తారో చెప్పలేనంది. చక్రాల కుర్చీ తిరిగేలా ఇల్లు సిద్ధం చేసుకోండి అని మాత్రం చెప్పింది. ఈ ఇల్లు అందుకే.

నీకు చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నారు. కాకినాడలో మామయ్యగారికి పక్షవాతం వచ్చినప్పుడు మేడ మీది నుంచి ఆయన్ని కుర్చీతో సహా నలుగురు ఎత్తి దించేవారు కదా. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ దించడం, ఎక్కించడం. ఆ కుర్చీ కాలు ఒకటి మీ అన్నయ్య పట్టుకునేవారు. నువ్వు వెనకాల నాన్నగారి కళ్లజోడు పట్టుకుని దిగేదానివట. "శ్యామ అది ఇంకోసారి చూడకూడదు" అన్నారు. "నన్ను ఎవరూ కుర్చీతో ఎత్తకూడదు" అని కూడా అన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు.

నీకు చెప్పకుండా నీ చేతే ఈ ఇల్లు గీయించడం


టూంగాబీ
ఫిబ్రవరి 21

ప్రియమైన శ్యామా,

మెట్ల గురించి అడిగావు. నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి, అంతకంటే ఏమీ లేదు. మెట్లు లేకుండానే గీయి.

ఆగ్నేయం పల్లమని చదివి మనసు మనసులో లేదు. ఆగ్నేయం వాలు ఇంటి యజమానికి మంచిది కాదంటారు. నేను ఇలాంటివి మరీ పట్టించుకునేదాన్ని కాదు. ఈ ఏడాది పట్టించుకుంటున్నాను. ఇంకోసారి చూడవూ. నీ జార్ మూత పట్టలేదన్నావుగా, అందుకేమైనా అలా వచ్చిందేమో.

నీ వదిన
శేషు


లాన్సెస్టన్
మార్చి 17

వదినా,

ముందు చెడ్డ కబురు. యాడ్-ఇన్ కంపెనీవాళ్లు కొత్త అప్‌డేట్ ఇచ్చారు. వేసుకున్నాను. సోమవారం ఫైల్ తెరిస్తే మీ ఇంటి కింద నేల లేదు. గోడలు, కప్పు, నీ వంటింటి సింకు అన్నీ గాల్లో వేలాడుతున్నాయి. కంపెనీకి రాస్తే, "మీ సమస్య మాకు తెలుసు, తర్వాతి వెర్షన్‌లో చూస్తాం" అని జవాబు. అంటే సమస్య ఉందని తెలిసే అమ్మారు.

పాత బొమ్మ పక్కన పెట్టి నేలను మొదటి నుంచి మళ్లీ పోశాను. ఇల్లు కూర్చోడానికి నేలలో గుంట తవ్వుతాను, ఫైల్ మూసి తెరిచేసరికి అది పూడుకుపోయి ఉంటుంది. ఎలుకలకు బొరియలు తవ్వుతున్నట్టుంది నా పని.

ఇప్పుడు మంచి కబురు. కొత్తగా పోసిన నేల ఈశాన్యానికి వాలింది. మొదటిసారి ముల్లు లేచిందని చెప్పానే, ఆ పాత వెర్షనే తప్పుగా చదివినట్టుంది. ఇప్పుడు పల్లం ఈశాన్యం, మెరక నైరుతి, పంతులుగారు కూడా వేలు పెట్టలేరు. గరాజ్ నుంచి వంటింటికి ఒకే మట్టం. రంగులు వేసి బొమ్మ పంపుతున్నాను, అన్నయ్యకి చూపించు.

నీ కోరిక నేల విన్నది వదినా. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి మాటా వినదు.

నీ శ్యామ


టూంగాబీ
మే 18

ప్రియమైన శ్యామా,

అనుమతి వచ్చింది. నీ బొమ్మలు ఏ ప్రశ్నా లేకుండా దాటాయని కనకరాజుగారు చెప్పారు. మీ అన్నయ్య నీ రంగుల బొమ్మను ఫ్రిజ్‌కి అంటించి, వచ్చినవాళ్లందరికీ ఈశాన్యం చూపిస్తున్నారు. నిన్న టూంగాబీ గుళ్లో ఒకాయనకి కూడా ఫోన్ తీసి చూపించారు. ఆయన మనకి తెలియనే తెలియదు.

వారమంతా వాన కదా. తగ్గాక నేనూ అనన్యా స్థలం చూసొచ్చాం. నీళ్లు గరాజ్ వచ్చే మూలలో, పోస్టు డబ్బా పక్కన నిలిచి ఉన్నాయి. ఈశాన్యంలో నేల ఆరిపోయింది. అనన్యతో అంటే, "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ పడుల్, రిలాక్స్" అంది, ఉత్త నీళ్ల మడుగేనట. దానికి తెలుగు అర్థమవుతుంది, నా కంగారు అర్థం కాదు. రోడ్డు కాలవ పొంగిందేమో అనుకున్నాను. అయినా ఫొటో తీశాను. చూడు.

మీ అన్నయ్య స్థలానికి రాలేదు. కాలు బెణికింది.

నీ వదిన
శేషు


లాన్సెస్టన్
మే 25

వదినా,

ఫొటో చూశాను. పక్క స్థలంవాళ్లు డ్రైనేజీ కోసం తవ్వుతున్నారు కదా, ఆ మట్టి అడ్డుపడి నీళ్లు నిలిచి ఉంటాయి. కంగారు పడకు.

అన్నయ్య కాలు ఎన్నిసార్లు బెణుకుతుంది? ఫోన్ చేస్తే నిద్రపోతున్నారంటావు. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయే మనిషి కాదు మా అన్నయ్య. మీరిద్దరూ పోట్లాడుకున్నారా? పోట్లాడుకుంటే తప్పెవరిదో నేను చెప్పగలను, నీదే.

యాడ్-ఇన్ మళ్లీ అప్‌డేట్ అడుగుతోంది. ఈసారి వద్దన్నాను. మీ నేల ఉన్నచోట ఉంది, దాన్ని కదపదలచుకోలేదు.

నీ శ్యామ


టూంగాబీ
జులై 27

శ్యామా,

నిన్న స్థలంలో మేకులు పాతారు. ఇంటి మూలలకు కొయ్య మేకులు కొట్టి, నేల స్లాబ్ ఎంత ఎత్తు వస్తుందో వాటికి తాడు కట్టారు. నేను వెళ్లేసరికి కనకరాజుగారు గరాజ్ మూల దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డారు. ఆ మూలలో తాడు నా నడుం దాకా ఉంది.

ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మేడమ్‌గారూ, ప్లాన్‌లో లెవెల్‌కీ ఇక్కడ గ్రౌండ్‌కీ మ్యాచ్ అవట్లేదండి. ఏం పర్లేదు, గరాజ్ కిందకి దింపేసి లోపలికి మెట్లు పెట్టేద్దాం. మూడు మెట్లేగా, మా ఇంట్లో ఆరున్నాయి." మెట్లు వద్దని ముందే చెప్పాను కదండీ అన్నాను. "మెట్లు లేకపోతే డ్రైవ్‌వే మీద కారు విమానంలా లేస్తదండి" అని నవ్వారు. తూర్పు గుమ్మం దగ్గర కూడా ఒక మెట్టు వస్తుందట.

ఆగస్టు 8 శుక్రవారం స్లాబ్. వరలక్ష్మీ వ్రతం రోజని మనమే పెట్టించుకున్న ముహూర్తం. కాంక్రీటు లారీలకు చెప్పేశారు. సిమెంటు పోశాక ఇంక మార్చేదేమీ లేదు.

మే నెలలో నీళ్లు నిలిచింది ఆ మూలలోనే. నువ్వు మొదట గీసినప్పుడు పల్లమన్నది ఆ మూలే. సర్వే కాగితం మళ్లీ చూసి ఏ మూల పల్లమో చెప్పు. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. అన్నం తినేటప్పుడు నా మొహం చూసి ఏమైందని అడిగారు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను.

వెంటనే రాయి.

శేషు


లాన్సెస్టన్
జులై 30

వదినా,

చూశాను. కాగితం మీది ఎత్తులకీ అసలు నేలకీ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. ఇది మామూలే. కనకరాజుగారు చెప్పిన పద్ధతి సరైనదే. గరాజ్‌లో మూడు మెట్లకు వెడల్పు ఎక్కువ ఇచ్చి, పక్కన పట్టుకోడానికి స్టీలు కడ్డీ పెట్టిస్తే మోకాళ్లకి ఇబ్బంది ఉండదు. స్లాబ్ ఆపనవసరం లేదు. ఇప్పుడు ఆపితే అనుమతులు మళ్లీ మొదటికొస్తాయి, ముహూర్తం కూడా పోతుంది.

మెట్లకు రాయి ఎంచుకోడానికి కొన్ని ఫొటోలు పంపుతున్నాను.

శ్యామ


టూంగాబీ
ఆగస్టు 1

శ్యామా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో ఒక్క జోకు లేదు. ఏ మూల పల్లమని అడిగాను, దానికి జవాబు లేదు. రాళ్ల ఫొటోలున్నాయి. నా పెళ్లికి నువ్వు ఏడో తరగతి. అబద్ధం చెప్పాల్సి వస్తే అప్పుడు కూడా ఇలాగే పొడి పొడిగా, పెద్దమనిషిలా మాట్లాడేదానివి.

నీదొక్కటే కాదు. నా ఉత్తరాల్లో కూడా ఒకటి లేదు. నావి మోకాళ్లు కావు. మీ అన్నయ్య కాలు బెణకనూ లేదు. ఫిబ్రవరిలో నీకు రాసి, సగంలో ఆపి, పంపకుండా దాచిన ఉత్తరం దీని కింద పెడుతున్నాను. ముందు అది చదువు, తర్వాత ఇక్కడికి రా.

చదివావా?

ఆయనకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఈ ఉదయం ఆయన బాత్రూమ్ గుమ్మం దగ్గర ఆగి, ఎడం కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం చూశాను. అక్కడున్నది మెట్టు కాదు, టైలు అంచు. చూసినట్టు తెలియకూడదని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ మనిషి కోసం మూడు మెట్లకు రాయి ఎంచుకోమంటున్నావు.

నీకు తెలియదు. తెలియనివ్వనిది మేమే. అందుకే నిన్ను ఏమీ అనడం లేదు, అడుగుతున్నాను. నేల ఎటు వాలింది?

శేషు


లాన్సెస్టన్
ఆగస్టు 2

వదినా,

కనకరాజుగారికి ఫోన్ చేశాను. స్లాబ్ ఆపారు. లారీలు కూడా వద్దని చెప్పారు. ముందు ఈ మాట చదివి కాసేపు కూర్చో. నీకు ఫోన్ చేయలేకపోయాను.

నేల ఆగ్నేయానికే వాలింది. మొదటి బొమ్మే సరైనది.

కాగితం మీద వీధి ఎప్పుడూ కింది వైపుకి రావాలని మేం బొమ్మను తిప్పుకుంటాం. మీ వీధి తూర్పున ఉంది కాబట్టి పావు వంతు తిప్పాను. ఇల్లూ నేలా కలిసి తిరిగాయి, బాగానే ఉంది. అప్‌డేట్ తర్వాత నేలను కొత్తగా పోసినప్పుడు యాడ్-ఇన్ ఆ నేలను పావు వంతు వెనక్కి తిప్పింది. పళ్లెం కదలకుండా కింద పీట తిరిగినట్టు, గోడలు ఉన్నచోటే ఉన్నాయి, కింద నేల తిరిగిపోయింది. ఆగ్నేయంలో పల్లం ఈశాన్యానికి వచ్చి కూర్చుంది. అంకెలన్నీ సరైనవే, మూలలే తప్పు. అనుమతి ఇచ్చినవాళ్లు కాగితం చూస్తారు, మట్టి చూడరు.

ఈ నెలలన్నీ నీకు సాఫ్ట్‌వేర్‌ని తిడుతూ రాశాను. అది తిట్టదగినదే. కానీ సర్వే కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఒక్కసారి పక్కన పెట్టి చూస్తే తెలిసిపోయేది. అది చెప్పే ఏ మాటా నమ్మని నేను, ఈశాన్యం అనగానే నమ్మాను. నువ్వు కోరిన వైపుకి వాలింది కాబట్టి ఇంకోసారి చూడలేదు. నీ ఫొటోలో నీళ్లు కనిపిస్తుంటే కూడా పక్కవాళ్ల మట్టి అన్నాను. కిందటి వారం నువ్వు మేకుల సంగతి రాశాక గానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టలేదు. పెట్టిన రోజే తెలిసింది. తెలిసీ మెట్లకు కడ్డీ పెట్టించుకోమని రాశాను. మెట్లు వద్దనడం కూడా వాస్తులాగే నీ పట్టింపు అనుకున్నాను. గొప్పగా చెప్పుకుంటున్న అన్నయ్య ముందు తల దించుకోలేక రాశాను.

నాన్నగారి కళ్లజోడు నేను పట్టుకున్నది నిజమే. కుర్చీ కాలు అన్నయ్య పట్టుకున్నది కూడా గుర్తుంది. మెట్టు మెట్టుకీ "నాన్నా, అయిపోయింది, ఇంకొక్కటే" అనేవాడు. ఎన్ని ఉన్నా ఇంకొక్కటే అనేవాడు.

నన్ను రానిస్తాడా వదినా?

శ్యామ


టూంగాబీ
ఆగస్టు 10

శ్యామా,

వెంటనే రాయలేదు, కోపం వచ్చి కాదు. ఆయనకి చెప్పాకే రాద్దామని ఆగాను.

శుక్రవారం వ్రతం చేసుకున్నాను. స్లాబ్ పోయాల్సిన రోజు ఇంట్లో కూర్చుని ఉన్నామేమని ఆయన అడిగారు. పూజ పీట ముందే అంతా చెప్పేశాను. నేల సంగతి చెప్పినంతసేపూ విన్నారు. నీకు చెప్పేశానన్న మాట దగ్గర లేచి వెళ్లి కార్లో కూర్చున్నారు. ఎక్కడికీ వెళ్లలేదు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వాకిట్లో కారు, కార్లో మనిషి. పేరంటానికి వచ్చినవాళ్లు వాయనం పుచ్చుకుని పోతూ, "అంకుల్ ఎక్కడికో బయల్దేరుతున్నట్టున్నారు" అని ఆయనకి చెయ్యి ఊపి మరీ వెళ్లారు. ఆయనా తిరిగి ఊపారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అందరూ వెళ్లాక నేనూ వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. "అది ఏడ్చిందా?" అన్నారు. ఫోన్ కూడా చేయలేకపోయిందన్నాను. "నేల తిప్పేసిందా, పిచ్చిమొహం" అన్నారు. ఆ తర్వాత అన్న మాట: "దాన్ని రమ్మను. ఆ కంప్యూటర్ వద్దు. వచ్చి మట్టి మీద నిలబడి కొలవమను. నేను పట్టుకుంటాను."

శనివారాలు కనకరాజుగారికి ఖాళీ. టికెట్ చూసుకుని చెప్పు.

శేషు


లాన్సెస్టన్
సెప్టెంబర్ 14

వదినా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిన గోంగూర పచ్చడి సీసా ఎయిర్‌పోర్టులో ఆపారు. టాస్మేనియాలోకి ఆకూ కాయా రానివ్వరు కదా, మూత తీయించి వాసన చూసి మరీ వదిలారు.

మొన్న మీ స్థలంలో అన్నయ్య నిలువెత్తు కొలబద్ద పట్టుకుని నిలబడ్డ ఫొటో నా టేబుల్ మీద పెట్టుకున్నాను, సర్వే కాగితం పక్కనే. వాడికి ఆ కర్ర పట్టుకోడానికి దొరికింది కాబట్టి నిలబడగలిగాడని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. ఒక్కో మూలకీ వెళ్లి, కర్ర నిటారుగా పెట్టి, "చదువు" అని అరిచాడు. చివరి మూలకి నువ్వు మడతకుర్చీ తెచ్చి పక్కన పెట్టావు. వాడు అందులో కూర్చుని, కూర్చునే కర్ర పట్టుకున్నాడు. అంకె చదవడానికి నాకు కాస్త ఆలస్యమైంది. కళ్లజోడు మసకేసిందని చెప్పాను.

కొత్త బొమ్మలు పంపుతున్నాను. ఇంటి నేల మొత్తం కిందికి దింపాను. గరాజ్ వీధి మట్టానికి వచ్చింది, వంటింటికి సూటిగా వెళ్లొచ్చు. వెనక వాయవ్యం వైపు తవ్వి గోడ కట్టాలి, కనకరాజుగారు సణుగుతారు, సణగనీ. ఈ బొమ్మలో నేలను యాడ్-ఇన్ గీయలేదు. మన కొలతలతో గీత గీతా నేనే వేశాను, ప్రతి మూలనీ కాగితంతో పోల్చి చూశాను. నువ్వు కూడా చూడు. నమ్మకంతో చూడకు, అనుమానంతో చూడు.

ఒక్కటి మిగిలింది. తూర్పు గుమ్మానికి నువ్వడిగిన టేకు గడప. మొదటి బొమ్మ నుంచీ ఉంది, ఇప్పుడూ ఉంది. రెండంగుళాల ఎత్తు. చక్రాలకి రెండంగుళాలంటే మెట్టే. పక్క నుంచి గరాజ్‌లోంచి తీసుకురావచ్చు, గుమ్మం వదిలేయొచ్చు. లేదా గడప తీసేయొచ్చు. ఇది నేను నిర్ణయించేది కాదు.

ఉంచనా, తీయనా?

నీ శ్యామ


టూంగాబీ
సెప్టెంబర్ 17

ప్రియమైన శ్యామా,

కొత్త బొమ్మలు అందాయి. డైనింగ్ టేబుల్ మీద సర్వే కాగితం పరిచి, నేనూ మీ అన్నయ్యా మూల మూలా చూశాం. ఆగ్నేయం పల్లంగానే ఉంది. ఇంక అది ఎటు వాలినా నాకు ఫర్వాలేదు, వాలిన వైపు నిజం చెప్తే చాలు. ఫ్రిజ్ మీది పాత బొమ్మ తీసేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. చెల్లెలు వేసిన రంగులు బాగున్నాయట.

గడప గురించి చెప్తాను. ఆయన్ని అడిగాను. "నీ ఇష్టం, నేను గరాజ్‌లోంచి వస్తానులే" అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, నాకు ఒక్క క్షణం అది సరే అనిపించింది. తర్వాత గృహప్రవేశం రోజు ఊహించుకున్నాను. చుట్టాలూ స్నేహితులూ నేనూ పాలకుండ పట్టుకుని తూర్పు గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంటాం. ఇంటాయన కార్లు పెట్టే చోటు నుంచి వస్తుంటారు. ఆ గుమ్మం నాకెందుకు?

తీసేయి.

టేకు దుంగ ఇప్పటికే వచ్చేసింది. కనకరాజుగారి షెడ్డులో ఉంది. దాన్ని రెండుగా కోసి, అతికించి, గుమ్మం లోపల పక్కగా చిన్న బల్ల చేయమన్నాను, ఆయన కూర్చుని చెప్పులు వేసుకోడానికి. "గడపని బల్ల చేస్తారా మేడమ్‌గారూ, ఎవరైనా వింటే నన్ను తంతారండి" అన్నారు కనకరాజుగారు. నా పేరు చెప్పండి అన్నాను. శుక్రవారం పసుపు ఆ బల్ల కాళ్లకి రాస్తాను.

ఆ బల్ల ఎత్తు మాత్రం నువ్వు గీయకు. ఆయన్ని కూర్చోబెట్టి నేను కొలిచి పంపుతాను.

నీ వదిన
శేషు